గడువు దాటిన కేసు, గడువు దాటిన పాలసీ



డాక్టరు మీద కేసు వేద్దామని వకీలు దగ్గరికి వెళ్ళిన ఒకావిడ, చివరికి ఆ వకీలు మీదే కేసు గెలిచింది. అమెరికాలో లా చదివే పిల్లలకు వృత్తి బాధ్యతల పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదంతం తప్పకుండా వస్తుంది.

మిన్నెసోటా రాష్ట్రం, 1971 ఆగస్టు. ఆవిడ భర్త విపరీతమైన తలనొప్పితో ఆసుపత్రిలో చేరాడు. మెదడుకు వెళ్ళే ధమని ఒకచోట ఉబ్బిందని తేలింది. మెడ దగ్గర ఆ రక్తనాళానికి ఒక చిన్న బిగింపు అమర్చి, కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా బిగిస్తూ రక్తం ఒత్తిడి తగ్గించాలని డాక్టరు నిర్ణయించాడు. సగం బిగించిన దశలో, తెల్లవారకముందే, రోగికి మాట పోయింది, కదలిక పోయింది. నర్సు గమనించి డ్యూటీ డాక్టరును పిలిచింది. ఆయన వచ్చి చూశాడు గానీ బిగింపు వదులు చెయ్యలేదు. పెద్ద డాక్టరు వచ్చి వదులు చేసేటప్పటికి గంట సేపు పట్టింది. ఆ మనిషికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా తిరిగి రాలేదు.

పద్నాలుగు నెలల తర్వాత, 1972 అక్టోబరు 2న, భార్య ఒక వకీలును కలిసింది. ముప్పావు గంటో, గంటో మాట్లాడుకున్నారు. వకీలు కొన్ని ప్రశ్నలు వేశాడు, కొంత రాసుకున్నాడు. మీకు కేసు లేదనుకుంటున్నానమ్మా, అయినా మా భాగస్వామితో ఒకసారి మాట్లాడి చూస్తాను అన్నాడని ఆవిడ తర్వాత సాక్ష్యం చెప్పింది. ఫీజు అడగలేదు, తీసుకోలేదు. వకాలత్ మీద సంతకం లేదు. ఆయన దగ్గరి నుంచి మళ్ళీ కబురు రాలేదు కాబట్టి కేసు లేదనే అర్థమని ఆవిడ ఊరుకుంది. మరో ఏడాదికి ఇంకో వకీలు దగ్గరికి వెళ్ళేసరికి, డాక్టర్ల మీద దావా వేయడానికి ఆ రాష్ట్రంలో ఉన్న రెండేళ్ళ గడువు దాటిపోయింది. కేసుకు కాలదోషం పట్టింది.

అప్పుడు ఆ దంపతులు మొదటి వకీలు మీద, ఆయన సంస్థ మీద దావా వేశారు. ఆయన వాదన సూటిగానే ఉంది. ఆవిడ నా క్లయింటే కాదు, ఆ కేసు మా సంస్థ తీసుకునేది కాదని చెప్పాను, వేరే వకీలును త్వరగా కలవమనీ చెప్పాను అన్నాడు. జ్యూరీ ఆయన మాట నమ్మలేదు. భర్తకు 6,10,500 డాలర్లు, భార్యకు 39,000 డాలర్లు ఇవ్వాలంది. 1980లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. టాగ్‌స్టాడ్ కేసు అంటారు దీన్ని. మెడికల్ రికార్డు తెప్పించకుండా, ఒక డాక్టరునైనా అడగకుండా, గడువు ఫలానా తేదీ దాకా ఉందని చెప్పకుండా, కేసు లేదని సలహా ఇచ్చాడు. మనిషి ఆ సలహా నమ్మింది. వకీలుకూ కక్షిదారుకూ మధ్య సంబంధం ఏర్పడడానికి అది చాలునని కోర్టు తేల్చింది.

ఇందులో నాకు ఆసక్తిగా తోచింది సొమ్ము కాదు, ఆ విచారణ నడిచిన తీరు. వకీలు తప్పు చేశాడని రుజువైతే సరిపోలేదు. ఆయన తప్పు చేయకపోయి ఉంటే డాక్టరు మీద కేసు గెలిచేవాళ్ళమని కూడా వాళ్ళు రుజువు చేయాల్సి వచ్చింది. అంటే, ఎన్నడూ జరగని కేసును ఇప్పుడు ఈ కోర్టులో జరిపించాలి. ఆ బిగింపు ఎప్పుడు వదులు చేయాల్సింది, నర్సుకు ఏం సూచనలు ఇచ్చి ఉండాల్సింది, గంట ఆలస్యం వల్ల మెదడుకు ఏమైంది? వైద్య నిపుణులు వచ్చి వకీలు మీద వేసిన కేసులో ఇవన్నీ చెప్పారు. కేసు లోపల కేసు అని అక్కడి వాళ్ళు దీన్ని పిలుస్తారు. వకీళ్ళ మీద వేసే చాలా దావాలు ఇక్కడే వీగిపోతాయి. మీ ప్లీడరు వాయిదాకు రాలేదు, నిజమే. వచ్చినా మీరు ఓడిపోయేవాళ్ళేగా అంటే జవాబు ఉండాలి. ఓడిపోయే కేసును పాడుచేసిన వకీలు చట్టం దృష్టిలో ఎవరికీ నష్టం చేయనట్టే.

ఇంకో చమత్కారం కూడా జరిగింది. డాక్టరు మీద కేసు గెలిచి ఉంటే అందులోంచి నా ఫీజుగా కొంత వాటా వచ్చేది కదా, ఆ వాటా ఈ పరిహారంలోంచి తగ్గించండి అని వకీలు తరఫున అడిగారు. కోర్టు కుదరదంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ప్లీడరు చేసిన పొరపాటుకు నష్టం ఎవరు భరించాలి? అమెరికా ఈ ప్రశ్నకు 1962లోనే ఒక కఠినమైన జవాబు చెప్పుకుంది. రైలు కంపెనీ మీద 1954లో వేసిన దావా ఒకటి ఆరేళ్ళు నడిచింది. 1960 అక్టోబరులో, ఇండియానా రాష్ట్రంలోని హామండ్‌లో, విచారణకు ముందు జరిగే సమావేశానికి జడ్జి తేదీ వేశాడు. వాది ప్లీడరు ఆ పూట ఫోను చేసి, ఇండియానాపొలిస్‌లో వేరే పనిలో ఉన్నాను, రాలేనన్నాడు. జడ్జి దావాను కొట్టేశాడు. సుప్రీంకోర్టు దాకా వెళితే, నలుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి, కొట్టేయడం సరైనదేనన్నారు. ఆ ప్లీడరును నువ్వే ఎంచుకున్నావు, అతని చర్య నీ చర్యే, నష్టమైతే అతని మీద దావా వేసుకో అన్నది ఆ తీర్పు సారాంశం. లింక్ కేసు అది.

మనదేశంలో 1981లో దాదాపు ఇదే పరిస్థితి వచ్చింది. అలహాబాద్ హైకోర్టులో ఒక పల్లెటూరి మనిషి రెండో అప్పీలు. పిలుపు వచ్చిన రోజు వకీలు లేడు, అప్పీలు కొట్టేశారు. సుప్రీంకోర్టులో జస్టిస్ డి.ఏ. దేశాయి ఆ ఉత్తర్వును పక్కన పెట్టారు. వకీలును పెట్టుకుని, ఫీజు ఇచ్చి, ఇక ఆయన చూసుకుంటాడని ఊళ్ళో ఉన్న మనిషి, వకీలు గైర్హాజరైనందుకు ఎందుకు నష్టపోవాలని ఆయన ఆలోచన. అప్పీలు మళ్ళీ విచారణకు వచ్చింది. ఖర్చుల కింద 200 రూపాయలు, ఆ రాని వకీలు దగ్గర వసూలు చేయమన్నారు. రఫీక్ కేసు అంటే మన కోర్టుల్లో జూనియర్లకు కూడా తెలుసు. ఆలస్యాన్ని మన్నించండి, డిఫాల్టులో పోయిన దావాను పునరుద్ధరించండి అని వేసే పిటిషన్లలో ఇప్పటికీ ఆ పేరు వినిపిస్తుంది.

మనది దయగల పద్ధతి, వాళ్ళది రాతి గుండె అనిపిస్తుంది, మొదట చూస్తే. నేను కాస్త తటపటాయిస్తాను. మన పద్ధతిలో వకీలు తప్పును కోర్టు మన్నిస్తుంది. ఆ మన్నింపు ఖర్చు ఎదుటి పక్షం మీద పడుతుంది. పదేళ్ళ నుంచి ప్రతి వాయిదాకూ బస్సెక్కి వచ్చిన ఆ రెండో మనిషి మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలి. తప్పు చేసిన వకీలు జేబులోంచి పోయేది అప్పుడు 200 రూపాయలు, ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువ. 1993లో సలిల్ దత్తా కేసులో సుప్రీంకోర్టే కొంత వెనక్కి తగ్గింది. రఫీక్ కేసు పల్లెటూరి సామాన్యుడి కోసం చెప్పిన మాట, చదువుకున్న డైరెక్టర్లు నడిపే కంపెనీ కూడా మా ప్లీడరు రాలేదని తప్పించుకుంటానంటే చెల్లదంది.

లింక్ తీర్పులోని కాఠిన్యం నిలబడాలంటే, వకీలు మీద వేసిన దావాలో వచ్చిన డబ్బు చేతికి అందాలి. ఆరు లక్షల డాలర్లు చిన్న ఊరి వకీలు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే వెనక ఇన్సూరెన్స్ ఉంది. ఇంటికీ కారుకూ ఉన్నట్టే వకీలు వృత్తికీ పాలసీ. అయితే చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి కాదు, అదొక విడ్డూరం. ఒరెగాన్ రాష్ట్రం 1978 నుంచి సొంతంగా ప్రాక్టీసు చేసే తన వకీళ్ళందరినీ ఒకే నిధిలోకి తెచ్చింది, ఒక్కో క్లెయిముకు 3 లక్షల డాలర్ల రక్షణతో. ఐడహో 2018 నుంచి తప్పనిసరి చేసింది. కాలిఫోర్నియాలో పాలసీ లేకపోతే ఫరవాలేదు గానీ, లేదని క్లయింటుకు రాతపూర్వకంగా చెప్పాలి. కారు నడపడానికి ఇన్సూరెన్స్ కావాలి, ఒకరి ఆస్తి కేసు నడపడానికి అక్కర్లేదు. ఇంగ్లండు ఈ విషయంలో ముందుంది. అక్కడ సొలిసిటర్లకు 1970ల నుంచే బీమా తప్పనిసరి. కోర్టులో వాదించే బారిస్టర్లకు మాత్రం, వాదనలో ఎంత పొరపాటు చేసినా దావా వేయరాదన్న కవచం ఉండేది. 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తీసేసింది. ఆస్ట్రేలియా 2005లో ఆ కవచాన్ని అట్టే పెట్టుకుంది.

పాలసీ ఉంటే డబ్బు వచ్చినట్టే అనుకుంటే పొరపాటు. వకీలు మీద దావా ఒక ఎత్తు, ఆ వకీలుకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య వచ్చే తగాదా ఇంకో ఎత్తు.

తగాదా మూలం ఆ పాలసీ స్వభావంలోనే ఉంది. మన బండికి యాక్సిడెంట్ అయితే, అయిన రోజు పాలసీ ఉందా లేదా అని చూస్తారు. వకీళ్ళ పాలసీ అలా కాదు. తప్పు ఎప్పుడు జరిగిందన్నది కాదు, దాని గురించి క్లెయిము ఎప్పుడు వచ్చింది, కంపెనీకి ఎప్పుడు తెలియజేశారు అన్నది లెక్క. 2015లో రాసిన వీలునామాలో తప్పు 2023లో బయటపడితే, 2023లో అమల్లో ఉన్న పాలసీ రావాలి. వకీలు రిటైరైపోయి ప్రీమియం మానేస్తే ఎవరూ రారు. అందుకే వృత్తి మానేసేటప్పుడు వెనకటి తప్పులకు పనికొచ్చేలా విడిగా కొంత సొమ్ము కట్టి పొడిగింపు కొనుక్కుంటారు. డిసెంబరులో నోటీసు అందుకున్న వకీలు, పండగ అయ్యాక చూద్దాంలే అని జనవరిలో కంపెనీకి పంపితే, పాలసీ ఏడాది డిసెంబరు 31తో ముగిసి ఉంటే, కంపెనీ చేతులెత్తేయవచ్చు. కేసుల గడువులు లెక్కపెట్టడమే వృత్తిగా ఉన్న మనిషి తన గడువును తానే దాటేస్తాడు. ఇలాంటివి అక్కడి కోర్టు రిపోర్టుల్లో కొల్లలు.

ఇంకా చిక్కు ప్రశ్న దరఖాస్తు ఫారంలో ఉంటుంది. మీ మీద క్లెయిము రావడానికి అవకాశమున్న సంఘటన ఏదైనా మీకు తెలుసా? అవునంటే ప్రీమియం పెరుగుతుంది, లేదా కంపెనీ పాలసీ ఇవ్వదు. కాదంటే, తర్వాత అబద్ధమని తేలితే పాలసీయే రద్దు. ఇల్లినాయి రాష్ట్రంలో ఇద్దరు వకీళ్ళు కలిసి ఒక చిన్న ఆఫీసు నడిపారు. అందులో ఒకడు తన క్లయింటు దావాలు కొట్టేసినా నడుస్తున్నాయని నమ్మించాడు. విషయం పొక్కాక, నోరు మూయించడానికి 6,70,000 డాలర్లు ఇస్తానన్నాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే పాలసీ రెన్యువల్ ఫారం వచ్చింది. క్లెయిముకు దారితీసే సంగతులేమైనా ఉన్నాయా అన్న చోట లేదని పెట్టి సంతకం చేశాడు. రెండో వకీలుకు ఇదేమీ తెలియదు. నెల తర్వాత ఆ క్లయింటు కొత్త ప్లీడరు దగ్గరి నుంచి ఉత్తరం వస్తే తెలిసింది. వెంటనే కంపెనీకి చెప్పాడు. కంపెనీ మొత్తం పాలసీనే రద్దు చేయించడానికి కోర్టుకెళ్ళింది. అమాయకుడైన భాగస్వామికైనా రక్షణ మిగలాలని కింది అప్పీలు కోర్టు అన్నది. 2015లో ఇల్లినాయి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అబద్ధం మీద పుట్టిన ఒప్పందంలో సగం నిలిచి సగం పోవడం ఉండదని, ఇద్దరి పాలసీ పోయిందని తేల్చింది.

న్యాయంగా ఉందా? ఆ తెలియని భాగస్వామిని చూస్తే లేదనిపిస్తుంది. కానీ నాకు అంతకన్నా ఆ క్లయింటు గుర్తుకొస్తాడు. తీర్పులో అతని గురించి పెద్దగా మాట్లాడుకోరు. మోసపోయిన మనిషికి డబ్బు రావలసిన చోటు పోయింది. కంపెనీకీ వకీలుకూ మధ్య తగాదా అని పైకి కనిపించే ప్రతి కేసులోనూ, మూడో మనిషి ఒకడు గోడ అవతల కూర్చుని ఉంటాడు.

బీమా మోసానికి వర్తించదు, నిర్లక్ష్యానికే వర్తిస్తుంది. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. డబ్బు కాజేసిన వకీలు మీద దావా వేసేవాడు కూడా, ఫిర్యాదులో ఆయన దొంగ అని గట్టిగా రాయడానికి జంకుతాడు. దొంగ అని రాస్తే కంపెనీ తప్పుకుంటుంది. అజాగ్రత్తపరుడు అని రాస్తే కంపెనీ నిలబడాలి. ఆ ఫిర్యాదులు చదివితే, లక్షలు మాయమైన వ్యవహారం కూడా ఏదో కాగితం మరిచిపోయిన సంగతిలా మెత్తగా ఉంటుంది.

ఇంకో మెలిక. చాలా పాలసీల్లో, వకీలును కాపాడడానికి కంపెనీ పెట్టే కోర్టు ఖర్చులు కూడా పాలసీ మొత్తంలోంచే పోతాయి. 5 లక్షల డాలర్ల పాలసీ ఉందనుకోండి. కేసు మూడేళ్ళు నడిస్తే అందులో సగం వాదించిన వకీళ్ళ ఫీజులకే కరిగిపోవచ్చు. గెలిచినవాడికి మిగిలేది ఆ మిగతా.

ఇప్పుడు న్యూయార్క్ కేసు ఒకటి చెప్పాలి. కంపెనీ నేను రాను అని మొదట్లోనే తప్పుకుంటే ఏమవుతుందన్నది అందులో ప్రశ్న. ఒక రియల్ ఎస్టేట్ సంస్థకు కొందరు 28 లక్షల డాలర్లకు పైగా అప్పులిచ్చారు. తనఖా పెట్టుకున్నారు. ఆ తనఖాలను రిజిస్టరు చేయించాల్సిన వకీలు, విచిత్రంగా, అప్పు తీసుకున్న సంస్థకు యజమానుల్లో ఒకడు. రిజిస్ట్రేషన్ జరగలేదు. సంస్థ అప్పు తీర్చలేదు. తీరా చూస్తే తనఖా కాగితంలో మాత్రమే ఉంది, రికార్డులో లేదు. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి కొన్నవాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అప్పిచ్చినవాళ్ళు వకీలు మీద నిర్లక్ష్యం దావా వేశారు. 20 లక్షల డాలర్ల పాలసీ ఉంది. ఇది వకీలు పని కాదు, అతని సొంత వ్యాపారం, కాబట్టి మేం వాదించం అని కంపెనీ తప్పుకుంది. నాలుగున్నర లక్షలకు రాజీ పడతామని వాదులు అన్నా వినలేదు. వకీలు కూడా కోర్టుకు రాలేదు. ఎక్స్‌పార్టీ తీర్పు పడింది, పాలసీ మొత్తం దాటి. వకీలు తనకు కంపెనీ మీద ఉన్న హక్కులన్నీ వాదుల పేర రాసిచ్చేశాడు. వాళ్ళు కంపెనీ మీదికి వెళ్ళారు.

2013 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత కోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వాదించాల్సిన బాధ్యత నీ మీద ఉండగా తప్పుకున్నావు, ఇప్పుడు పాలసీలో ఫలానా మినహాయింపు ఉందని చెప్పే హక్కు పోగొట్టుకున్నావు, కట్టు అంది. బీమా కంపెనీలు హడలెత్తాయి. 1985లో ఇదే కోర్టు వేరే కేసులో దీనికి విరుద్ధంగా చెప్పిందని చూపించి ఆ కంపెనీ పునర్విచారణ అడిగింది. 2014 ఫిబ్రవరిలో, ఎనిమిది నెలలు గడవగానే, అదే కోర్టు తన తీర్పును తానే తిప్పింది. పాత తీర్పును గమనించలేదు, దానికి కట్టుబడాలి, మినహాయింపు వర్తిస్తుందో లేదో విచారించాల్సిందే అంది.

కోర్టు పొరపాటు చేస్తే ఇలా ఎనిమిది నెలల్లో సర్దుకోవచ్చు. వకీలుకు ఆ వెసులుబాటు లేదు. కానీ నాకు కోపం తెప్పించేది అది కాదు. నాలుగున్నర లక్షలకు తీరిపోయే వ్యవహారాన్ని కంపెనీ వద్దంది. ఒకసారి కూర్చుని మాట్లాడి ఉంటే అత్యున్నత కోర్టును రెండుసార్లు ఎక్కాల్సిన అవసరం వచ్చేది కాదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు వకీలు ఆఫీసు మెట్లెక్కేది ఎక్కువగా వీసా, గ్రీన్‌కార్డు కాగితాల కోసం. అక్కడ గడువు దాటితే డబ్బు నష్టం కాదు, దేశంలో ఉండే హక్కే పోతుంది. 1988 నాటి లోజాడా నిర్ణయం ప్రకారం, దేశం నుంచి పంపించేసే కేసు నా పాత వకీలు నిర్లక్ష్యం వల్ల పోయింది, తిరిగి తెరవండి అని అడగాలంటే మూడు పనులు చేయాలి. వకీలుతో ఏం ఒప్పుకున్నదీ, ఏం జరగనిదీ ప్రమాణ పత్రం రాసివ్వాలి. ఆ పాత వకీలుకు సంగతి తెలియజేసి జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. బార్‌కు ఫిర్యాదు చేశారో లేదో, చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి. చుట్టాల ద్వారా పరిచయమైన వకీలు మీద ఫిర్యాదు రాయడానికి మనవాళ్ళు మొహమాటపడితే, ఆ మొహమాటమే కేసుకు అడ్డం పడుతుంది.

ఇక మన ఊరికి వద్దాం. మన దేశంలో వకీలు మీద దావా వేయవచ్చా? వేయవచ్చు. ఇది చాలామందికి తెలియదు. 1926లో, ఇంకా తెల్లవాళ్ళ పాలనలోనే, న్యాయవాదుల ఫీజుల చట్టం వచ్చింది. ఫీజు రాకపోతే వకీలు దావా వేసి వసూలు చేసుకోవచ్చని అందులో ఉంది. దాని వెంటే అయిదో సెక్షన్ ఉంది. వకీలు అయినంత మాత్రాన నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి దావా నుంచి మినహాయింపు ఉండదని. అంటే ఫీజు అడిగే హక్కూ, నష్టం చెల్లించే బాధ్యతా ఒకే చట్టంలో పక్కపక్కనే పెట్టారు. దాదాపు నూరేళ్ళు అవుతోంది. మొదటి హక్కును వాడినట్టు రెండో బాధ్యతను ఎవరూ వాడలేదంటే అతిశయోక్తి కాదు.

వినియోగదారుల కోర్టు తేలిక దారిగా ఉండేది. 1995లో డాక్టర్లు ఆ చట్టం కిందికి వస్తారని సుప్రీంకోర్టు అన్నాక, వకీళ్ళూ వస్తారని చాలామంది అనుకున్నారు. ఒక మనిషికి 20,000 రూపాయల చెక్కు బౌన్సయింది. వకీలును పెట్టుకుని కేసు వేశాడు. చెక్కు ఇచ్చినవాడు దారికొచ్చి 20,000, ఖర్చులకు మరో 5,000 ఇచ్చాడు. ఆ సొమ్ము వకీలు తన దగ్గర ఆపుకుని, 5,000 నా ఫీజు అన్నాడని ఆరోపణ. జిల్లా ఫోరం క్లయింటు వైపు, రాష్ట్ర కమిషన్ వకీలు వైపు చెప్పాయి. 2007లో జాతీయ కమిషన్ వకీళ్ళు కూడా ఈ చట్టం కిందికి వస్తారంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024 మే 14న తీర్పు వచ్చింది. వకీలు ఇచ్చేది వ్యక్తిగత సేవ, అతను కక్షిదారు ఆదేశాల ప్రకారం నడుచుకునేవాడు, అది వినియోగదారుల చట్టం కిందికి రాదు అని. 5,000 రూపాయల తగాదా దేశంలోని వకీళ్ళందరి బాధ్యతనూ తేల్చింది.

ఆ తీర్పుతో నాకు సగం ఒప్పుదల ఉంది. ఓడిపోయిన ప్రతివాడూ వకీలు మీద వినియోగదారుల కోర్టుకు వెళితే, వృత్తి నడవదు. ఎందుకంటే ప్రతి కేసులోనూ ఒకడు ఓడిపోవలసిందే. ఒప్పుకోనిది మిగతా సగం. దారి మూసినప్పుడు, తెరిచి ఉన్న దారి నడవడానికి వీలుగా ఉందో లేదో కూడా చూడాలి. బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేస్తే, అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, పేరు తీసేయవచ్చు. నష్టపోయిన మనిషి చేతికి పైసా రాదు. మిగిలింది సివిల్ కోర్టు. నష్టం ఎంత అడిగితే దానికి తగ్గ కోర్టు ఫీజు ముందు కట్టాలి. అదే ఊళ్ళో, అదే బార్ అసోసియేషన్‌లో, ఆ వకీలుకు ఎదురు నిలబడే మరో వకీలు దొరకాలి. దొరికినా కేసు లోపల కేసు ఇక్కడా తప్పదు.

పాలసీలు మన దగ్గరా ఉన్నాయి. వృత్తిపరమైన బాధ్యతకు సాధారణ బీమా కంపెనీలు డాక్టర్లకు, ఆడిటర్లకు అమ్మినట్టే వకీళ్ళకూ అమ్ముతాయి. తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పలేదు. దావాలు లేనిచోట బీమాకు గిరాకీ ఏముంటుంది? బీమా లేనిచోట, గెలిచినా వసూలు కాని దావా ఎవరు వేస్తారు? ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

ఆస్తుల కాగితాలు చూసే వకీళ్ళ సంగతి వేరే చెప్పాలి. మన హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ఇచ్చిన ఇళ్ళ రుణాల్లో మోసం జరిగిందని సీబీఐ కేసు పెట్టింది. పట్టాలు సరిగ్గా ఉన్నాయని లీగల్ ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ వకీలును కూడా కుట్రదారుగా చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయన మీద కేసు కొట్టేస్తే, 2012లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఒపీనియన్ తప్పు అయినంత మాత్రాన, మోసగాళ్ళతో చేతులు కలిపిన ఆధారం లేకుండా, నేరం మోపకూడదంది. నిర్లక్ష్యం రుజువైతే అది వేరే రకం బాధ్యత అనీ అంది. నాకు ఇందులో కనిపించేది ఒకటే. సివిల్ బాధ్యతకు దారి సరిగ్గా లేదు కాబట్టి, నిర్లక్ష్యానికి కూడా క్రిమినల్ కేసు పెడతారు. నష్టపరిహారం అడగాల్సిన చోట జైలు అడుగుతాం. అటు వకీలుకూ, ఇటు బ్యాంకుకూ న్యాయం జరగదు.

ఈ పూట వింటున్నవాళ్ళలో ఎవరికైనా కోర్టులో కేసు ఉంటే, పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. వకీలును మార్చాలనుకున్నప్పుడు, ఆయన పొరపాటు ఏమైనా ఉందేమో ఇంకొకరికి చూపించాలనుకున్నప్పుడు, ముందు కావలసింది కేసు కట్ట. అది చాలాసార్లు పాత ప్లీడరు గారి గుమాస్తా బీరువాలో ఉంటుంది. ఫీజు బాకీ ఉందండీ, అది తీర్చాక తీసుకెళ్ళండి అంటారు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. బాకీ ఉంటే వకీలు దావా వేసి వసూలు చేసుకోవచ్చు, అంతే గానీ దానికోసం క్లయింటు కాగితాలు ఆపే హక్కు లేదు. ఆపితే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. గుమాస్తాను కాదు, ప్లీడరు గారినే మర్యాదగా రాతపూర్వకంగా అడగండి. ఇచ్చినప్పుడు ఏయే కాగితాలు అందాయో, ఏ తేదీన అందాయో రాసి, మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.